ముందు సీటు

అమ్మా యమునా,

ప్రతి దసరాకు మన పాత పికప్ బానెట్‌కు బొట్టు పెడతాం, చక్రాలతో నిమ్మకాయలు తొక్కిస్తాం. లోపల చిరిగిన సీటు దేవుడికి కనిపించదా అని ఏళ్లుగా నాకు అనుమానం. కనిపించినందుకే నిన్ను మా ఇంటి కోడలిగా పంపాడేమో.

మిగిలిన రెగ్జిన్ మడతపెట్టకు, చుట్టిపెట్టు. కుట్టు మిషన్‌కు లావు సూది తెస్తాను. బరువైన సీటును ఒక్కదానివే విప్పావు, నన్ను పిలవాల్సింది.

స్ప్రింగు గుచ్చుకుంటుందని మీ అత్తమ్మ ఆరేళ్ల పాటు బండి వెనక బస్తాల మీదే కూర్చుంది. పొద్దున నువ్వు కుట్టిన సీటు తడిమి, "ఇగ నేను ముందలనే కూసుంట, నువ్వు జర మెల్లగ నడుపు" అన్నది. నువ్వు చేను నుంచి వచ్చేసరికి మేం కోదాడలో ఆమె అక్క ఇంట్లో ఉంటాం.

మీ మామ

మరిచాను. ఆరేళ్ల కిందట ఆ స్ప్రింగుకు తగులుకుని చిరిగిన చీరకు బదులు కొత్తది కొనిస్తానని ఆమెకు మాటిచ్చాను. నిన్న సూర్యాపేటలో కొన్నాను. అది కట్టుకుని బండిలో కూర్చుంది, హారన్ కొడుతోంది.