తుపాకి పెట్టుకోనన్న ఒట్టు

మోంటానా, అమెరికా, జూన్ 2009

వదినా, నేను క్షేమం, ముందు అది నమ్ము.

సెల్ టవర్ల పనిలో నాకు జోడీగా ఉండే మార్కోస్‌ను పోయిన వారం కొండ మీద గ్రిజ్లీ ఎలుగుబంటి చంపేసింది. దాని మీద కొట్టే కారం స్ప్రే ఎదురుగాలికి తిరిగొచ్చి అతని కళ్ళల్లోనే పడింది. "ఎవడి ప్రాణం వాడిదే. భయమైతే పిస్తోలు కొనుక్కో" అన్నాడు కాంట్రాక్టరు. వాడి గొంతు పట్టుకోబోతే పక్కవాళ్ళు ఆపారు.

అయినా దుకాణానికి వెళ్ళాను. పెద్ద రివాల్వర్ పేల్చి చూస్తే చేయి పైకి ఎగిరింది. "చిన్నది పట్టు బాబూ, చేతిలో నిలిచేదే నిన్ను కాపాడేది" అన్నాడు దుకాణం ముసలాయన. ఆ చిన్నది పేల్చి చూస్తే చేతిలో చక్కగా నిలిచింది వదినా. అన్నయ్యను చంపిందీ ఇంతటిదే కదా అనిపించి, అక్కడే పెట్టేసి వచ్చాను.

అమ్మ కంటి ఆపరేషన్ అయిందా? ఈ కార్డు ఆమెకు చదివి వినిపించకు.

జన్మలో తుపాకి దగ్గర పెట్టుకోనని అన్నయ్య శవం ముందు నాతో ఒట్టు వేయించావు. ఫోనులో నీ గొంతు వింటే ఇది అడగలేను. వచ్చే నెల మళ్ళీ అదే కొండ ఎక్కాలి. ఒట్టు తీసేస్తే ఒక్క ముక్క రాయి. తీయలేకపోతే ఏమీ రాయకు. నీ మీద కోపం పెట్టుకోను.

పాపకు ముద్దులు.

నీ మరిది,
సమ్మయ్య