కుళాయి దగ్గర చెప్పిన మాట

మద్దిలపాలెం నివాసి, కీర్తిశేషులు అప్పలసూరి కుమారుడు, పోర్టులో క్రేను నడిపి రిటైరైన కోరాడ పైడయ్య అనే నేను, ఒంట్లో నీరసమే గాని బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు కొడుకు కన్నబాబుకు, కూతురు సన్యాసమ్మకు చెరిసగం. పెళ్లయిన పిల్లకు ఇల్లేమిటని ఎవరూ అనకూడదు.

2. కాలం చేసిన నా భార్య దేముడమ్మ కుట్టుమిషను సన్యాసమ్మకే.

3. తమ్ముడు నీలకంఠానికి నా గొడుగు. 1973లో నా వాచీ తీసిందని సన్యాసమ్మను వీధి కుళాయి దగ్గర, బిందెలు పట్టుకున్న జనం ముందు నేను బెల్టుతో కొడుతుంటే, "ఇంకో రెండు తగిలించన్నియ్యా" అన్నది వాడే. అయినా వాడి గొడుగు చిరిగిపోయింది.

4. ఆ వాచీ మర్నాడు క్రేను గదిలో, నేను తగిలించిన మేకుకే కనబడింది. జిలేబీ పొట్లం పట్టుకొచ్చాను. పన్నెండేళ్ల పిల్ల ముట్టలేదు. "నాను తియ్యలేదని ఆల్లందరి ముందూ సెప్పు నాన్నా" అంది. తండ్రినై ఉండి చెప్పడమా అనుకున్నాను. ఆ తర్వాత అది నన్ను పుస్తకం అడగలేదు, రిబ్బను అడగలేదు. అన్నీ తల్లినే అడిగింది.

మొన్న దసరా వెళ్లాక పద్మనాభంలో దాని అత్తవారింటికి వెళ్లి, తప్పు నాదేనన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండా, "నాకాడ సెప్పీసినావు. మరి ఆల్లకో?" అంది.

నేను పోయాక ఎవరో చదివి వినిపిస్తే అది తప్పించుకోవడమే. అందుచేత నిన్న ఆదివారం దాన్ని పిలిపించి, కుళాయి దగ్గర అందరినీ ఆపి చెప్పాను. నా పిల్ల వాచీ తియ్యలేదు, నేనే మరిచి వచ్చి దాన్ని కొట్టాను అని. సగం మందికి ఆ సంగతే గుర్తులేదు. ఆనాడు బిందెతో అక్కడే ఉన్న ముసలి చిలకమ్మ మాత్రం కళ్లొత్తుకుంది.

5. కన్నబాబూ, నీ పిల్లల మీద చెయ్యి చేసుకుంటే ఆ రోజే చెప్పెయ్యి. నాకు పదమూడేళ్లు పట్టింది.

6. ఇవన్నీ జరిపించే భారం మిత్రుడు శ్రీరామ్మూర్తి గారిది. నాలుగో అంశం సన్యాసమ్మ పిల్లలకు చదవడం వచ్చాక వారి చేత చదివించాలి. నిన్న వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎండలో ఎంతసేపు నిల్సుంటావు నాన్నా, ఇంటికి రా" అన్నదని కూడా వారికి తెలియాలి.

చదివించుకుని విని, సమ్మతించి చేసిన సంతకం.

విశాఖపట్నం, 17 నవంబరు 1986
కోరాడ పైడయ్య

సాక్షులు: వరహాలు, జగ్గయ్య