పదిహేడో రకం గోధుమ

లక్నో దగ్గర, ఏప్రిల్ 5, 1998

ప్రియమైన అమ్మకు,

శుభవార్త! గరిక కూడా మొలవని చౌడు పొలంలో అరవై రకాల గోధుమ వేశానని చెప్పానుగా. పదిహేడో రకం వరసగా రెండో ఏడూ నడుమెత్తు పెరిగింది. విత్తనం తక్కువని రెండేళ్ళూ పొలం మూల ఒకే మడిలో వేశాను. చౌడును తట్టుకునే గుణం దాని పుట్టుకలోనే ఉంది, పిల్ల విత్తనానికీ వస్తుంది అని థీసిస్ రాస్తున్నాను. జూన్‌లో ఇచ్చేస్తే డాక్టరేట్ వచ్చినట్టే!

నీ గారాల కూతురు,
శాలిని

నర్సీపట్నం, ఏప్రిల్ 19, 1998

నా తల్లి శాలినికి అమ్మ రాసేది,

ప్రభువు దయవల్ల బాగున్నాం. నీ ఉత్తరం సూసి సంబరపడ్డాను గానీ, ఒక్క మాట మింగుడు పడలేదే. రెండేళ్ళూ అదే మడా? మన పాత బెల్లం పొయ్యి తీసేసిన సోట ఏ సెరుకేసినా ఏపుగా వస్తాది. అది సెరుకు గొప్పా, బూడిద గొప్పా? కొత్త విత్తనాన్ని పాడు మడిలో ఏసి సూడందే నేను నమ్మను. ఆ మూల ముందు ఏటి పోసీవోరో బేగి అడుగు. నేను సదివింది అయిదో కలాసే, తప్పయితే తిట్టుకో.

మీ అమ్మ,
రత్నమణి

లక్నో దగ్గర, మే 10, 1998

అమ్మా,

తిట్టుకున్నాను. రెండు రోజులు నీ మీద మండిపోయాను. తర్వాత పొలం కాపలా తాతను అడిగితే, నేను రాకముందు ఆ మూలనే జిప్సం బస్తాలు పేర్చేవారట. వానకు తడిసి అంతా నేలలోకి దిగిపోయిందట. జిప్సం చౌడుకు మందమ్మా! ఇన్నాళ్ళూ మందును చూసి విత్తనాన్ని మెచ్చుకున్నాను.

"ఎవరూ అడగరు, ఇచ్చెయ్" అన్నారు మా గైడ్ సార్. ఇవ్వను. నా కాగితం నమ్మి ఏ రైతో ఉన్న ఒక్క ఎకరంలో అది చల్లితే? అరవై రకాలూ మళ్ళీ నాలుగు చోట్ల మార్చి మార్చి వేస్తాను. స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ట్యూషన్లు చెప్పుకుంటాను. బెంగపెట్టుకోకు.

నీ మొండి,
శాలిని

లక్నో దగ్గర, అక్టోబర్ 28, 2000

ప్రియమైన అమ్మకు,

థీసిస్ ఒప్పుకున్నారు! పదిహేడో రకం నాలుగు చోట్లా ఎండిపోయింది, ఏడ్చాను కూడా. కానీ ముప్ఫై ఒకటో రకం ఉందే, గడ్డిలా ఉందని నేను పక్కన పెట్టేసింది, మోకాలెత్తైనా లేదు గానీ రెండేళ్ళూ నాలుగు చోట్లా ఒక్కలాగే గింజ పట్టింది. దాని పిల్ల విత్తనమూ అంతే. పదిహేడుతో నేనెలా పొరబడ్డానో దాచకుండా రాశాను. సార్ తీసెయ్యమన్నారు, నెల రోజులు ముఖం చాటేశారు, చివరికి సంతకం పెట్టారు.

నిన్న చౌడు పొలం ఆవిడొకరు వచ్చి ముప్ఫై ఒకటో రకం విత్తనం రెండు కిలోలు కొంగున కట్టుకుంది. "పండుతుందా?" అని అడిగింది. ఆవిడ కళ్ళలోకి చూసి "పండుతుంది" అన్నాను.

ప్రేమతో,
శాలిని