భూగోళం మాస్టారి సెలవు

హెడ్మాస్టరు గారికి,

అయ్యా, సముద్రం చూడకుండా సముద్రం పాఠం చెబుతున్నానని బహావల్పూర్ పిల్లలు నవ్వితే, చూసి రమ్మని తమరే నన్ను కరాచీ పంపారు. సోమవారానికి బడిలో లేకపోతే ఉద్యోగం ఉండదని కూడా సెలవిచ్చారు.

కరాచీ నాజిమాబాదు పేటలో మా మేనత్త సఫూరా ఇంట్లో దిగాను. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని బయల్దేరేవాణ్ణి. "సముద్రం ఎక్కడికి పోతుందిరా? ముందు నిహారీ తిను," అంటూ రాత్రంతా ఉడికిన మాంసం పులుసు గిన్నె ముందు పెట్టేది అత్త. నేను తిన్నాక చుట్టాలొచ్చేవారు. చుట్టాలు తిన్నాక చీకటి పడేది.

నిన్న స్టేషనుకు వెళ్తూ, ఐదు నిమిషాలు చూసిపోదామని ఆటోను క్లిఫ్టన్ సముద్రపు ఒడ్డుకు తిప్పించాను. సాగనంపడానికి వచ్చిన అత్త సల్వారు పైకి పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి నిలబడింది. కోడలిగా కరాచీ వచ్చి నలభై ఏళ్ళయినా ఆవిడను ఎవరూ ఇక్కడికి తీసుకురాలేదట.

"అత్తా, రైలు వెళ్ళిపోతుంది," అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "రైలు ఎక్కడికి పోతుందిరా? రేపు మళ్ళీ వస్తుంది," అంది.

ఇవాళా ఈ ఒడ్డునే ఉన్నాం. అత్తను ఇక్కడికి తీసుకొచ్చేవారు వేరెవరూ లేరు కనుక మరో వారం సెలవు ఇప్పించవలెనని ప్రార్థన. సముద్రాన్ని నేనింకా సరిగ్గా చూడలేదు. అత్తనే చూస్తూ ఉండిపోయాను.

తమ విధేయుడు,
భూగోళం మాస్టారు