తొలివాన నీళ్లు

సింహాద్రిపురం

హరినాథన్నకు,

నీ క్షేమం అడిగే ఓపిక నాకిప్పుడు లేదు. సంపులో ఉన్నవి కొళాయి నీళ్లే కదా అని నిన్న వాటితో పప్పు వండితే, మా అత్త మొదటి ముద్దకే ఉమ్మేసింది. సంపు మూత తీసి చూశాను. మిద్దె మీద ఏడాదిగా పేరుకున్న పావురాల రెట్ట, నువ్వు ఆరేసిన ఉప్పుకండల మాంసం తునకలు, అన్నీ నీళ్లలో తేలుతున్నాయి.

పెళ్లికి ప్రొద్దుటూరు పోతూ, ఇల్లు నీకు అప్పజెప్పి ఒక్క పని చెప్పాను. తొలివాన మిద్దెను కడుగుతుంది, గొట్టం బిరడా తీసి ఆ నీళ్లను బయటికి వదిలెయ్, తర్వాతి వాన నుంచే సంపులోకి పట్టు అన్నాను. నువ్వు బిరడా బిగించి కూర్చున్నావు. ఫోన్లో తిడితే ఏమన్నావు?

"వానకు మొగం వాచినోళ్లం గదమ్మే! వచ్చిన నీళ్లు కాలవకు ఇడిసేకి నాకు చేతులు రాల్యా."

ఆదివారం చీపురు పట్టుకుని రా. సంపు నువ్వే కడగాలి. అప్పటికి ఖాళీ చేసి ఉంచుతాను.

పొద్దుట్నుంచీ ముక్కుకు కొంగు చుట్టుకుని, ఆ కంపు నీళ్లు బిందెలతో మోసి పెరట్లోని చీనీ చెట్లకు పోస్తున్నాను. కాలవకు వదలడానికి నాకూ చేతులు రాలేదు.

నీ చెల్లెలు