చమఖండి షెల్టర్ తాళంచెవి

4 జూలై 1994
జగ్గారావు ఫైలు మళ్లీ మొదటినుంచి చదివాను. ఇతను నా క్లయింటు, ఒడియా తీరాన చమఖండిలో తుపాను షెల్టర్ కట్టిన కాంట్రాక్టర్. స్లాబు పగిలింది, నీ ఖర్చుతో మళ్లీ వెయ్యి అంటోంది డిపార్ట్‌మెంటు. వెయ్యనంటాడు ఇతను. వెళ్లి చూశాను. వాన పడితే లోపల కూడా గొడుగు కావాలి.

అగ్రిమెంటు ప్రకారం, డిపార్ట్‌మెంటు బిల్డింగును స్వాధీనం చేసుకున్నాక ఏడాది వరకే రిపేరు బాధ్యత ఇతనిది. అసలు స్వాధీనమే చేసుకోలేదంటారు వాళ్లు. మరి తాళంచెవి రెండేళ్లుగా ఊళ్లో బుల్లమ్మ కొంగున ఎలా ఉంది? వాళ్ల లాయరు కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతున్నాడు, పాపం.

7 జూలై
ఆర్బిట్రేటర్ ముందు మా తరఫున బుల్లమ్మ సాక్ష్యం. భర్త మసేను వేటకెళతాడు, ఈమె చేపలు ఎండబెడుతుంది. రెండు దసరాల కిందట డిపార్ట్‌మెంటు జేయీబాబే సెవి ఇచ్చినాడు, అప్పట్నించి వలలన్నీ అందులోనే ఎడతన్నాం, అని చెప్పింది. ఏదీ దాచలేదు.

బయటికొచ్చాక, నిజం సెప్పీసినాను కదా అమ్మగోరూ, ఇంక కప్పు బాగుసేత్తారా అని అడిగింది. నేను ఫైలు సర్దుకున్నాను.

12 ఆగస్టు
గెలిచాం. రిపేరు బాధ్యత జగ్గారావుది కాదు. గేట్ బజార్ నుంచి పట్టుచీర పంపాడు. రంగు బాగుంది.

9 సెప్టెంబర్
బుల్లమ్మ బస్సెక్కి వచ్చింది, ఎండు నెత్తళ్లు తెచ్చింది. సెల్టరు గోడమీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అచ్చరాలు రాసి ఎల్లినారు, పని మొదలెడతారు గావాల అని సంబరపడింది. రాసింది ఒడియాలో. ఈమె ఒడియా గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆ ఊళ్లో చాలామంది అంతే.

కప్పు కూలేలా ఉంది, లోపలికి రావద్దని రాసుంటారని నాకు అనుమానం వచ్చింది. చెప్పబోయాను. బయట క్లయింట్లు ఎదురుచూస్తున్నారు. చూద్దాంలే అన్నాను.

18 అక్టోబర్, మధ్యాహ్నం 3
వాయుగుండం. కోర్టు మూసేశారు. బ్లాక్ ఆఫీసుకి ఫోన్ చేశాను, లైను కలవలేదు. నాలుగోసారికి గుమాస్తా ఎత్తాడు. భయం లేదు మేడమ్, చమఖండి జనం వాళ్లంతట వాళ్లే షెల్టర్‌లోకి ఎల్లిపోనారు అన్నాడు.

19 అక్టోబర్
స్లాబు కింద ఎనిమిదిమంది.

21 అక్టోబర్
వాళ్లలో మసేను ఉన్నాడు. బుల్లమ్మ తలుపు దగ్గర ఉండబట్టి బతికింది. స్లాబు పడబోతోందని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. కోర్టులో అయితే దీన్ని ఇంకోలా చెప్పగలను. ఇక్కడ కూడా అబద్ధమెందుకు? నేనే చంపాను.

జగ్గారావు ఫోన్ చేశాడు. ఆర్బిట్రేటర్ తీర్పు ముందే రావడం మన అదృష్టమన్నాడు. పెట్టేశాను. చీర బీరువాలోనే ఉంది, ఏం చెయ్యాలో తెలియడం లేదు.

2 డిసెంబర్
బుల్లమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో డిపార్ట్‌మెంటు నోటీసు. ప్రవేశం లేదని గోడమీద రాసినా తాళం తీసి జనాన్ని లోపలికి పంపిందట, ఆ చావులకు ఆమే బాధ్యురాలట. తాళంచెవి ఆమె దగ్గరే ఉండేదనడానికి రుజువుగా జూలైలో ఆమె చెప్పిన సాక్ష్యం జతచేశారు. నా ప్రశ్నలతో సహా.

ఆమెకు తెలిసిన లాయరు నేనొక్కదాన్నే.

5 డిసెంబర్
వకాల్తా మీద వేలిముద్ర వేసింది. వేలు కొంగుకి తుడుచుకుంటూ, ఆవేళ సెప్పినట్టే నిజం సెప్పీమంటారా అమ్మగోరూ అని అడిగింది.