సిగ్నల్ గడ్డం

12 నవంబరు 1937, శుక్రవారం

సిగ్నల్ గడ్డం కింద నల్లటి చుక్కలు. బొగ్గుపొడి అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. ఇంకొంచెం గట్టిగా తుడిస్తే నా చేతి మీద ఒక్కటి ఇచ్చుకుంది. మా పిల్లి అంతే, చెప్పేదేదో చేత్తోనే చెబుతుంది. నడిచేటప్పుడు తోక నిటారుగా నిలబెడుతుందని ఆయనే దానికి సిగ్నల్ అని పేరు పెట్టారు. ఒళ్ళంతా తెలుపు. అందుకే చుక్కలు అంత బాగా కనిపిస్తున్నాయి.

చలి మొదలైంది. పొయ్యి పక్కనున్న పెట్టెలోంచి కదలడం లేదు.

15 నవంబరు

చుక్కలు పొక్కులయ్యాయి. ఒకటి చీము పట్టింది. గడ్డం కింద బొచ్చు ఊడి చర్మం బయటపడింది.

పక్క క్వార్టర్ అప్పలకొండ వచ్చి చూసింది. గజ్జి వదినా, ఇల్లంతా అంటుకుంటాది, పిల్ల పురిటికొస్తన్నాది కదా, ఇంకా ఇంట్లో ఏల ఉంచినావు అంది. ఆమె అటు వెళ్ళగానే ఆయన అదే మాట ఎత్తుకున్నారు. మా అమ్మాయి కనకం వచ్చే నెల ఖరగ్‌పూర్ నుంచి తొలికాన్పుకి వస్తోంది. అదొచ్చీలోగా తగ్గితే సరే, లేకపోతే శంకరరావుకి సెప్పి పెండ్రా పంపించెత్తాను అన్నారు.

శంకరరావు కట్నీ లైనులో గూడ్సు గార్డు. ఈ రైల్వే కాలనీలో ఎవరికి పిల్లి బరువైనా గోనెలో కట్టి, రైలు చివరనుండే అతని బ్రేక్ వ్యాన్‌లో ఎక్కిస్తారు. అతను పెండ్రా లాంటి దూరపు స్టేషన్లో దించేసి వస్తాడు. అలా వెళ్ళిన పిల్లి ఒక్కటీ తిరిగి రాలేదు.

బిడ్డకి అంటుతుందేమోనన్న భయం నాకూ ఉంది. లేదని రాస్తే అబద్ధం. కానీ కనకం అత్తవారింటికి వెళ్ళాక పగలంతా ఈ ఇంట్లో నాకు తోడున్న ప్రాణి ఇదొక్కటే. ఆయన ఇంజన్ల షెడ్‌కి వెళ్ళిపోతే నేను మాట్లాడేది దీనితోనే. ఇది లేకుండా నేను ఉండలేను. పంపను. నయం చేస్తాను.

16 నవంబరు

వేపనూనె రాశాను. ఒకటే కంపు. అది నా మొహం చూడడం మానేసింది.

21 నవంబరు, ఆదివారం

వేపనూనె వల్ల లాభం లేదు. ఆముదంలో పసుపు కలిపి రాస్తున్నాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చీపురుపల్లిలో మా అమ్మ మనిషికైనా దూడకైనా పుండంటే నూనే రాసేది. నాకూ అదే వచ్చు.

తెల్ల పిల్లి పచ్చగా తయారైంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి, పిల్లికి నలుగెట్టి పెళ్ళి సేస్తన్నావేటే అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పొక్కులు తగ్గలేదు. కింది పెదవి దాకా పాకాయి.

24 నవంబరు

ఆయన్ని లైను మీద పనికి పంపారు. వారం పైనే పడుతుందట. వెళ్తూ వెళ్తూ కూడా గడ్డం వంక చూసి తల అడ్డంగా ఊపారు.

ఆముదం సీసా ఖాళీ. ఎటూ అది సీసా చూస్తేనే మంచం కిందికి దూరుతోంది. పొయ్యి వెలిగించే వేస్ట్ కూడా అయిపోయింది. వేస్ట్ అంటే ఇంజన్లు తుడిచిన దారపు ఉండలు, షెడ్‌లో బోలెడు మిగులుతాయి. నూనె పీల్చి ఉంటాయి కాబట్టి అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గున అంటుకుంటాయి. ఈ కాలనీలో ప్రతి పొయ్యీ వాటితోనే వెలుగుతుంది. ఆయన వచ్చేదాకా తెచ్చేవాళ్ళు లేరు. మోదుగాకులు ఏరుకొచ్చి పిడకల కింద పెట్టాను. అంటుకునేసరికి నా ప్రాణం పోయింది.

2 డిసెంబరు

తగ్గుతోంది. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. పొక్కులు ఎండిపోయాయి. చుక్కలు పల్చబడ్డాయి. రతన్‌పూర్ అమ్మవారికి కొబ్బరికాయ మొక్కుకున్నాను, ఆ చలవే.

అప్పలకొండని పిలిచి చూపించాను. అచ్ఛా అని ఊరుకుంది. ఒప్పుకోవడం దాని ఒంట్లో లేదు.

4 డిసెంబరు

ఆయన వచ్చారు. చిక్కిపోయారు. వస్తూనే షెడ్ నుంచి పెద్ద వేస్ట్ మూట తెచ్చి పొయ్యి పక్క పెట్టె నింపారు. పొయ్యి ఇట్టే వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను.

8 డిసెంబరు

మళ్ళీ మొదలు. ఈసారి రక్తం. గీరుకుని గీరుకుని పచ్చిపుండు చేసుకుంది. ఏడుపొచ్చింది. అమ్మవారు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకుంటుందా అని ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

అన్నం వండుతూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెచ్చగా ఉంటుందని వేస్ట్ పెట్టెలో ముడుచుకుంది. గడ్డం ఆ ఉండల మీదే ఆనించింది. ఎప్పుడూ అలాగే పడుకుంటుంది. పొయ్యిలోకి ఒక ఉండ తీద్దామని చెయ్యి పెట్టాను. తీసి చూస్తే నా వేళ్ళు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి.

ఆయన లేనన్నాళ్ళూ వేస్ట్ లేదు. పెట్టె ఖాళీ కాబట్టి ఇది కిటికీ దగ్గర ఎండలో పడుకుంది. నూనె లేదు కాబట్టి నేనూ ఏమీ రాయలేదు. అప్పుడే తగ్గింది. అది అక్కడ జిడ్డు పూసుకుంటూ ఉంటే, దాని మీద నేను మందని ఇంకా జిడ్డు పూశాను. ఎంత తెలివో నాది.

అమ్మవారిని అనవసరంగా తిట్టాను. కొబ్బరికాయ కొట్టేస్తాను.

9 డిసెంబరు

మూట తీసి పెరట్లో పడేశాను. పెట్టె సోడాతో కడిగాను.

ఆయనకి కోపం వచ్చింది. ఊరంతా దీంతోనే ఎలిగిస్తంటే నీకేటి వచ్చింది, ఆకులూ అలమలూ ఏటి అన్నారు. ఈ ఇంట్లో పొయ్యి ఊదేది నేను, దేంతో వెలిగించాలో నేనే చూసుకుంటాను అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఆయన అన్నం తిని డ్యూటీకి వెళ్ళారు.

కనకానికి చిన్నప్పుడు సెగ్గడ్డలు లేస్తే గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కాపేదాన్ని. దీనికీ అదే. ఆయన పాత చొక్కాలో మెడ దాకా చుట్టి, మెత్తటి గుడ్డ ముంచి గడ్డానికి అద్దాను. తర్వాత పొడిగా ఒత్తాను. పొక్కులు గిల్లలేదు. చొక్కా చిరిగింది. నా చెయ్యీ చిరిగింది.

10 డిసెంబరు

ఆకులు. పొగ. దగ్గు. ఉప్పునీళ్ళు.

13 డిసెంబరు

ఈవేళ చొక్కా చుట్టకుండానే కూర్చుంది. అప్పలకొండ కిటికీలోంచి చూసి పోయింది. ఏమీ అనలేదంటే మంచి కబురే.

17 డిసెంబరు, శుక్రవారం

రేపు కనకం వస్తుంది. శంకరరావు డ్యూటీకి వెళ్తూ గోనె పట్టుకుని వచ్చాడు. పిల్లేదీ వదినగారూ, టైమవుతన్నాది అన్నాడు. ఆయన ముందే చెప్పి ఉంచారన్నమాట. ఇవ్వను అందామని లేచాను.

ఆయన సిగ్నల్‌ని ఎత్తుకుని వరండాలో వెలుతురుకి తిప్పారు. షెడ్‌లో బేరింగ్ చూసినట్టు గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా రాశారు. ఆ వేలు చూసుకున్నారు. శుభ్రంగా ఉంది. ఇదుగో ఇక్కడ పక్కు ఉన్నాది అన్నాడు శంకరరావు. మానితేనే కదా పక్కు కట్టీది, ఇది నడుస్తాది, నువ్వు డ్యూటీకి పో అన్నారు ఆయన.

తెచ్చిన గోనె ఖాళీగా పంపడం బాగుండదు. పెరట్లోని వేస్ట్ అంతా అందులో కుక్కి ఇచ్చాను. మీ ఇంట్లో పిల్లి లేదు కదా అని అడిగి మరీ ఇచ్చాను. సంతోషంగా పట్టుకెళ్ళాడు. ఆయన ఆ మూట వైపే చూస్తూ నిలబడ్డారు. పిడకలు తడిసినట్టున్నాయి, లోపల పెడతానుండు అన్నారు.

లోపలికి వెళ్ళి ఏడ్చాను.

18 డిసెంబరు

కనకం వచ్చింది. నడవలేకపోతోంది పాపం. సిగ్నల్ దాని ఒళ్ళోకి ఎక్కబోయి, చోటు లేక పక్కన సర్దుకుంది.

11 జనవరి 1938

మనవరాలు. మంత్రసాని చేతిలో పెట్టగానే ముందు గడ్డం ఎత్తి కింద చూశాను. శుభ్రంగా ఉంది. అప్పుడు మొహం చూశాను.